కొసరు సీసా

ఆ రోజు పొద్దున్న కొసరు బాబాయి చేయవలసిన పని అరగంటలో అయిపోయేదే. అయిదు డబ్బాల్లో అయిదు రకాల నూనెలున్నాయి. ఎదురుగా అయిదు గాజు సీసాలు, వాటి మీద కెమిస్టు అమ్మాయి గుండ్రటి అక్షరాలతో రాసి అంటించిన కాగితపు చీటీలు. ఒక్కో సీసాలో గీత దాకా నూనె పోసి, మూత బిగించి, బల్ల మీద వరసగా పెట్టాలి. పదకొండింటికి కమిటీ వచ్చి వాటికి సీలు వేసి పరీక్షకు పెడుతుంది. ఆ ప్రయోగశాలలో ఇంతకన్నా తేలికైన పని లేదు కనకనే దాన్ని బాబాయికి అప్పజెప్పారు.

గింజల్లోంచి నూనె పిండి, దాన్ని విమానాలు తాగే ఇంధనంగా మార్చే చోటు అది. మార్చే యంత్రం నిలువెత్తు ఉక్కు పాత్ర. దాని అసలు పేరు నోరు తిరగక అందరూ కుక్కర్ అనేవాళ్ళు. భవనం వెనక అయిదు మళ్ళు: ఆముదం, ఆవాలు, పొద్దుతిరుగుడు, కుసుమ, కమెలినా. వీటిలో ఏ పంట నూనె విమానానికి నప్పుతుందో ఏళ్ళ తరబడి పోల్చి చూస్తూనే ఉన్నారు. పోల్చడం ఎంత సుఖమైన ఉద్యోగమో పోల్చేవాళ్ళకే తెలుసు. చివరికి పైవాళ్ళకు ఓపిక నశించింది. ఒక్క పంటను తేల్చండి, మిగతా నాలుగు మళ్ళూ దున్నేసి అదే వేయండి అన్నారు.

డైరెక్టరు గారి మనసులో ఆ ఒక్కటీ ఎప్పుడో తేలిపోయింది. ఏదో సదస్సులో కమెలినా అనే ఆ విదేశీ నూనెగింజ గురించి విన్నప్పటినుంచి ఆయనకు మిగతా నాలుగు పంటలూ కలుపు మొక్కల్లా కనిపిస్తున్నాయి. ఫలితాలు రావడానికి పది రోజులున్నా, ఆయన అప్పుడే ట్రాక్టరు తెప్పించి మళ్ళ పక్కన నిలబెట్టించాడు. ట్రాక్టరు డ్రైవరు కనబడిన వాళ్ళనల్లా ఒకటే అడుగుతున్నాడు. "ఏది దున్నాలో చెబితే మొదలెడతానండీ."

ఆ మాట విన్నప్పుడల్లా బాబాయి వెళ్ళి కుసుమ మడి గట్టు మీద నిలబడేవాడు. ఎందుకంటే ఆ కుసుమ మడి ఆయనది. కాగితాల మీద కాదు, ప్రాణంలో. వాళ్ళ నాన్నకు గానుగ ఉండేది. పెద్ద మిల్లులొచ్చి గానుగ మూతపడ్డ రోజున, మిగిలిన ఆఖరి కుసుమ బస్తాను భుజాన వేసుకుని, విత్తనాలు కొంటారేమోనని బాబాయి ఈ ప్రయోగశాల మెట్లెక్కాడు. బస్తాతో పాటు మనిషినీ ఉంచేసుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ గింజే విత్తుతున్నాడు, ఆ గింజే కోస్తున్నాడు. డబ్బాలో దాచుకుంటే నాలుగేళ్ళకు మొలకెత్తడం మానేస్తుంది. ఆయన ఉండేది మూడో అంతస్తులో, ఉన్నవి రెండు పూలకుండీలు. ఈ మడి పోతే వాళ్ళ నాన్న గింజ భూమ్మీద ఇంకెక్కడా ఉండదు.

పొద్దున్నే కెమిస్టు అమ్మాయి వచ్చి బతిమాలినట్టుగా హెచ్చరించింది. శిక్షణకు వచ్చిన పిల్లగా ఉన్నప్పటినుంచీ ఆమె ఆయనను బాబాయ్ అనే పిలుస్తుంది. ఇప్పుడు ఆయనకు పై అధికారి అయినా ఆ పిలుపు మారలేదు.

"బాబాయ్, మీకు దణ్ణం పెడతాను. ఇవాళ కొసరు వద్దు."

"నేనెందుకు వేస్తానమ్మా."

"నిన్న బీకరులో వేశారు. మొన్న స్పిరిట్ అడిగితే అందులోనూ వేశారు. గీత దాకా పోయండి. గీత దాటి చుక్క కూడా వద్దు. ఇవాళ తేడా వస్తే మీ కుసుమ మడికే ముప్పు."

"నా మడి గురించి నాకు తెలీదా తల్లీ. నువ్వెళ్ళి కాఫీ తాగు."

ఆమె వెళ్ళింది. బాబాయి నిజంగానే గీత దాకా పోశాడు. అయిదు సీసాలూ కొలిచినట్టు కుదిరాయి. మూతలు బిగించబోయి ఆగాడు. ఏదో తప్పు చేసినట్టుంది. ఎవరి దగ్గరో పూర్తి డబ్బు తీసుకుని తక్కువిచ్చినట్టుంది. వాళ్ళ గానుగ కొట్టులో కొలత పాత్ర నిండా నూనె పోశాక, నాన్న చిన్న గరిటెతో ఇంకాస్త ముంచి సీసాలో వంచేవాడు. ఆ వంపు కోసమే పిల్లలు రెండు వీధులు దాటి వచ్చేవాళ్ళు. గరిటె వంచేటప్పుడు నాన్న ముఖంలో ఒక వెలుగు ఉండేది. గానుగ కిర్రుమనే చప్పుడు, తలగడలకు సైతం పట్టిన, నూనె తీయగా మిగిలిన చెక్క వాసన, బడిలో తనను నూనెగాడని ఏడిపించడం, అన్నీ ఒక్కసారి మీదికొచ్చాయి. ఎంత బాగుండేవి ఆ రోజులు అనుకున్నాడు. అనుకునేలోపే చెయ్యి గరిటె అందుకుంది.

ఆముదంలో ఒక గరిటె పడింది. ఒకదానికి వేసి మిగతా వాటికి మానేస్తే పక్షపాతం అవుతుందని ఆవాలకూ, పొద్దుతిరుగుడుకూ, కమెలినాకూ వాటి వాటి డబ్బాల్లోంచి తలా ఒక గరిటె వేశాడు. కుసుమ దగ్గర చెయ్యి మొహమాటపడి రెండు వేసింది, ఆపైన మూడోదీ వేసింది. అప్పుడు చూసుకున్నాడు, అన్ని సీసాల్లోనూ నూనె గీత దాటి మెడదాకా వచ్చేసింది.

తగ్గించక తప్పదు. పారబోయడానికి మనసొప్పలేదు, నూనె పారబోయడం ఆయన చూడలేడు. పక్కనున్న ఖాళీ సీసా ఒకటి తీసుకుని, ఒక్కోదాంట్లోంచి ఎక్కువైనంత గాజు గొట్టంతో పీల్చి అందులో వదిలాడు. అయిదు నూనెల కొసరూ ఒకే సీసాలో చేరింది. మళ్ళీ అన్నీ గీత దగ్గరికి దిగాయి. హమ్మయ్య అనుకున్నాడు. అంతటితో ఊరుకుంటే కథే ఉండేది కాదు. కానీ ఈ పీకులాటలో సీసాలన్నీ బయట జిడ్డయ్యాయి. బయట జిడ్డున్న సీసాను కొన్నవాళ్ళ చేతికివ్వడం వాళ్ళ గానుగలో పెద్ద తప్పు. బాబాయి గుడ్డను సబ్బునీళ్ళలో ముంచి అయిదింటినీ వరసపెట్టి తళతళలాడేలా తుడిచాడు. తుడిచి, అటూ ఇటూ తిప్పి, మురిపెంగా చూసుకున్నాడు. సీసాల మీద చీటీలు లేవు. అయిదు చీటీలూ గుడ్డకు అంటుకుని, సిరా కారిపోయి, ఒక్క ముద్దగా ఉన్నాయి.

వేరే ఎవరైనా అయితే గుండె ఆగేది. బాబాయి మాత్రం అంతగా కంగారుపడలేదు. నూనెను వాసనతో చెప్పడంలో ఆయన ముక్కుకు పేరుంది. సీసా మూత తీసి గట్టిగా పీల్చాడు. ఏమీ తగల్లేదు. ఇంకోటి పీల్చాడు. అదీ అంతే. వారం రోజులుగా తెల్లారకముందే మంచులో నిలబడి కుసుమ మడి మీద వాలే పిట్టల్ని తోలాడు కదా, దాని ఫలితంగా పట్టిన జలుబు ముక్కును రెండు వైపులా మూసేసింది.

అప్పుడు మొదలైంది అసలు కంగారు. మళ్ళీ పోద్దామంటే కొసరుతో డబ్బాలు ఖాళీ అయ్యాయి, తుడవడంలో సీసాల వరసా తప్పింది. ఆముదం తేలిగ్గానే దొరికింది. వంచితే బద్ధకంగా కదిలేది అదొక్కటే. ఒక చుక్క నాలిక మీద వేసుకుంటే చెవులు వేడెక్కాయి కాబట్టి ఆవాలూ దొరికాయి. మిగిలిన మూడూ లేత పసుపు, మూడూ పల్చన, మూడూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. వాటిలో ఒకటి కుసుమ. ఏ నూనె మధ్య పుట్టి పెరిగాడో ఆ నూనె కళ్ళెదురుగా ఉంది, అది ఏదో ఆయనకు తెలియడం లేదు. మడి పోతుందన్న భయం కన్నా ఈ సిగ్గు ఎక్కువ బాధపెట్టింది.

కిటికీలోంచి ట్రాక్టరు డ్రైవరు కనిపించాడు. బాబాయి అతన్ని లోపలికి పిలిచాడు.

"ఏవయ్యా, నీ ముక్కు బాగా పనిచేస్తుందా?"

"దానికేవండీ, బ్రహ్మాండంగా పనిచేస్తుంది."

"ఇవి మూడూ చూసి, గింజ వేయించినట్టు కమ్మగా ఉండేది ఏదో చెప్పు."

డ్రైవరు మూడింటినీ శ్రద్ధగా వాసన చూశాడు. "డీజిలండీ."

"ఏది?"

"మూడూనండీ. నాకు పదేళ్ళుగా ఏది చూసినా డీజిలు వాసనే. మా ఆవిడ వంట కూడా అంతే." సీసా మూత పెట్టేసి, "ఇంతకీ ఏది దున్నాలో తేలిందాండీ?" అన్నాడు.

అతన్ని బయటికి పంపేసి బాబాయి గడియారం చూశాడు. పదకొండుకు పావుగంట ఉంది. ఇక మిగిలింది గానుగవాళ్ళ ఆఖరి పరీక్ష. ఒత్తి వేసి వెలిగిస్తే కుసుమ మంట కదలకుండా నిలబడుతుందని నాన్న చెప్పేవాడు. ప్రథమ చికిత్స పెట్టెలోంచి దూది తీసి మూడు ఒత్తులు చేశాడు. మూడు గాజు పళ్ళాల్లో తలా రెండు చుక్కలు వేసి వెలిగించాడు. ఒక్క క్షణం గది గానుగ కొట్టులా అయిపోయింది. మధ్య మంట బుద్ధిగా నిలబడింది. ఇదే అని బాబాయి ముఖం విప్పారింది. కానీ అది ఇంధనాల ప్రయోగశాల. పైకప్పుకు ఉన్న పరికరం టీ ఆవిరికే ఉలిక్కిపడుతుంది. మూడు ఒత్తుల పొగ చూసి అది భవనమంతా అదిరేలా మోగింది.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు గారు గేటు దగ్గర కమిటీని లోపలికి తీసుకొస్తున్నాడు. కమిటీ అంటే ఇద్దరు: ముప్పై ఏళ్ళు విమానాలు నడిపి రిటైరైన పైలట్ గారు, ఆవిడ వెనక రిజిస్టరు పట్టుకున్న గుమాస్తా. "మా దగ్గర కొలతకు అందనిది ఒక్క చుక్క ఉండదండి. జాగ్రత్తలో మాకు మేమే సాటి," అంటున్నాడాయన. అలారం మోగింది. నిబంధన ప్రకారం అందరూ "ఇక్కడ గుమికూడవలెను" అన్న బోర్డు దగ్గర నిలబడాలి. ఆ బోర్డు మళ్ళు వేయకముందు పాతింది. ఇప్పుడది కుసుమ మడి నడిమధ్యన ఉంది.

కుసుమకు ముళ్ళుంటాయి. డైరెక్టరు గారి ప్యాంటు ఒకవైపు, చొక్కా మరోవైపు చిక్కుకుంది. గుమాస్తా రిజిస్టరు నెత్తిన పెట్టుకుంది. పైలట్ గారు మాత్రం ముళ్ళను పట్టించుకోకుండా పూలను వంగి చూస్తోంది. గంట మోగిందంటే పని మొదలనుకున్న డ్రైవరు ఇంజను స్టార్ట్ చేసి మడి గట్టు దాకా వచ్చి ఆగాడు.

"మొదలెట్టమంటారాండీ?"

"మేం ఇందులో ఉన్నాం కదయ్యా," అన్నాడు డైరెక్టరు.

"మీరు పక్కకి జరిగితే మొదలెడతానండీ."

జరగడానికి వీల్లేదు, నిబంధన ఒప్పుకోదు. ఇంతలో బాబాయి అందరికన్నా చివర బయటికొచ్చాడు. ఒత్తులార్పేసి, ఏ గొడవైనా నూనెను వదిలి రాలేక, బల్ల మీదున్న సీసాలన్నీ పెట్టెలో సర్దుకుని మోసుకొచ్చాడు. కెమిస్టు అమ్మాయి ఎదురెళ్ళింది.

"అమ్మాయ్, చీటీలు ఊడిపోయాయే," అన్నాడు గొంతు తగ్గించి.

"అలారం?"

"అదీ నేనే."

ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. "సరే. పేర్లొద్దు, నంబర్లు వేద్దాం. సీలు వేసేముందు ఒక్కో చుక్క తీసి ఉంచుతాను, రేపు నూనెల్ని గుర్తుపట్టే యంత్రంలో పెడితే ఏది ఏదో అరగంటలో చెబుతుంది. పొద్దున్నే నన్నడిగితే ఇదంతా ఉండేదే కాదు కదా బాబాయ్."

ట్రాక్టరు బానెట్టు మీద సీసాలు వరసగా పెట్టి సీలు వేయడం మొదలుపెట్టారు. అయిదు అయ్యాక గుమాస్తా పెట్టెలోకి తొంగిచూసి, "ఇంకోటుందండి," అంది. డైరెక్టరు గారు అది లెక్కలోది కాదని చెప్పబోయి, అయిదు నిమిషాల కింద తను చెప్పిన గొప్ప గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

"ఇదేం నూనెండి?" అని గుమాస్తా బాబాయినే అడిగింది.

"కొసరమ్మా."

"ఏ పంట?"

"అన్నీను."

గుమాస్తా పైలట్ గారి వైపు చూసింది. "పెట్టెలో ఉన్నదేదైనా రిజిస్టరులో ఉండాలి. ఆయన చెప్పిందే రాయి," అంది ఆవిడ. ఆరో నంబరు ఎదురుగా 'కొసరు' అని చేరింది.

ఆ తర్వాత పది రోజులు బాబాయికి అన్నం సయించలేదు. మర్నాడే యంత్రం ఏ నంబరు ఏ పంటో చెప్పేసింది. నిలబడి వెలిగిన మధ్య మంట పొద్దుతిరుగుడుది. ఆ సంగతి అమ్మాయి మెల్లగా చెప్పింది. "నా నూనెను నేనే పోల్చుకోలేకపోయాను తల్లీ," అన్నాడు బాబాయి. సాయంత్రాలు మడి గట్టు మీద కూర్చునేవాడు. డ్రైవరూ వచ్చి పక్కన కూర్చునేవాడు. గానుగ కబుర్లన్నీ విని, "మరి అలాంటప్పుడు ఇది దున్నడం నాకూ ఇష్టం లేదండీ. కానీ చెబితే దున్నాలి కదండీ," అనేవాడు. పదో రోజుకి ఎండిన పువ్వుల్లోంచి గుప్పెడు గింజలు తీసి బాబాయి జేబు రుమాలులో మూట కట్టుకున్నాడు. నాలుగేళ్ళు చాలు, ఆ తర్వాత తనకూ వాటికీ ఒకటే గతి అనుకున్నాడు.

ఫలితాలు పైలట్ గారే చదివింది. ఆముదం చిక్కదనం ముందు కుక్కరే ఓడిపోయింది. ఆవాల ఇంధనం బాగా వచ్చింది గానీ చలికి ముందే పేరుకుపోయింది. పొద్దుతిరుగుడుకు కుక్కర్ దగ్గర ఖర్చెక్కువ. కమెలినా చలిని తట్టుకుంది, కానీ మడి దిగుబడి చూస్తే పాపం అనిపించింది. డైరెక్టరు గారు కుర్చీలో కిందికి జారాడు.

"కుసుమ. ఇంధనం అన్నిటికన్నా శుభ్రం," అని ఆవిడ ఆగింది. బాబాయి కుర్చీలోంచి సగం లేచాడు. "కానీ తట్టుకోవాల్సిన చలికి రెండు డిగ్రీల ముందే గడ్డకట్టింది. నేను పైన ముప్పై ఏళ్ళు తిరిగాను. అక్కడ రెండు డిగ్రీలంటే మాటలు కాదు."

రెండు డిగ్రీలు. బాబాయి జేబులో చెయ్యి పెట్టి రుమాలు మూటను పట్టుకున్నాడు. కళ్ళు మసకబారాయి, జలుబు వల్ల కాదు.

"ఇక ఆరోది," అని ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుంది. "చలికి ఆగింది. కుక్కర్‌లో అరిగింది. ఇంధనం శుభ్రంగా ఉంది. అన్నింట్లోనూ గట్టెక్కింది ఇదొక్కటే. డైరెక్టరు గారూ, ఈ కొసరు అన్న పంట మీరెక్కడ వేశారు?"

డైరెక్టరు గారు లేచి నిలబడ్డాడు. నిజం చెబితే పరువు పోతుంది, తెలియదంటే పదవి పోతుంది. "అది మా కొత్త ప్రయోగం అండి. కాస్త గుట్టుగా ఉంచాం," అన్నాడు.

"మంచిది. ఆ మడి చూపించండి."

అందరూ భవనం వెనక్కి నడిచారు. అయిదు మళ్ళ ముందు డైరెక్టరు గారి కాళ్ళు ఆగిపోయాయి. బాబాయి ముందుకొచ్చాడు. ఆయనకు ఇక పోయేదేమీ లేదనిపించింది.

"తప్పు నాదండి. అది పంట కాదు. నేను సీసాల్లో కొసరు వేసి, వద్దన్నారని మళ్ళీ తీసి ఒక దాంట్లో పోశాను. ఈ అయిదింటి నూనే అది. చీటీలు ఊడదీసిందీ నేనే, అలారం మోగించిందీ నేనే. ఈ అమ్మాయికి దీంతో సంబంధం లేదు."

"నాకు తెలుసండి. సీలు వేసేటప్పుడు నేను చెప్పాల్సింది," అంది కెమిస్టు అమ్మాయి.

పైలట్ గారు ఆయనను ఎగాదిగా చూసింది. "ఏది ఎంత కలిపారు?"

"తెలీదండి."

"కొలవలేదా?"

"కొలిస్తే అది కొసరెందుకవుతుందండి?" అన్నాడు బాబాయి. తర్వాత నిజాయితీ అడ్డొచ్చి, "కుసుమ దగ్గర మాత్రం చెయ్యి కాస్త వంగింది. మా నాన్న గింజండి అది," అన్నాడు.

ఆవిడ మళ్ళ వైపు తిరిగింది. "విమానం ఎక్కేవాళ్ళెవరూ ఏ పంట నూనె అని అడగరు. దిగితే చాలనుకుంటారు," అంది. "పాళ్ళు తేలేదాకా ఒక్క మడి కూడా కదపడానికి వీల్లేదు. కలిపిన మనిషిని కూడా."

డైరెక్టరు గారు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టి, అయిదు పంటలూ కలపాలన్నది మొదటినుంచీ తన ఆలోచనేనని గుమాస్తా చేత రాయించబోయాడు. డ్రైవరు ట్రాక్టరు దిగి వచ్చి, "అయితే ఏదీ దున్నక్కర్లేదాండీ?" అని అడిగాడు. అక్కర్లేదన్నారు. బాబాయి అతని చేతిలో గుప్పెడు కుసుమ గింజలు పోసి, పైన ఇంకో నాలుగు వేశాడు. ఇంటికెళ్ళేటప్పుడు దారంతా ఆయనకు గానుగ కిర్రుమనే చప్పుడు వినబడుతూనే ఉంది.

వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీద డైరెక్టరు గారి ఉత్తర్వు వెలిసింది. ఇకమీదట ప్రయోగశాలలో వేయు కొసరు సరిగ్గా ఇరవై రెండు మిల్లీలీటర్లు మాత్రమే ఉండవలెను, హెచ్చుతగ్గులున్నచో సంజాయిషీ ఇచ్చుకోవలెను, చదివినవారు కింద సంతకం చేయవలెను. బాబాయి రెండుసార్లు చదివి సంతకం చేశాడు, దాని పక్కనే చిన్నది ఇంకోటి కొసరుగా చేశాడు.